పరదేశి చూచిన రాత్రి అంగడి

దీపములు పెట్టు వేళ దాటిన పిమ్మట ఊరు ఎవరిది? పగటివేళ ఈ ప్రశ్నకు తావు లేదు. కొనువాడు, అమ్మువాడు, ఊరక చూచి పోవువాడు, అందరును వీథికి హక్కుదారులే. ప్రొద్దు గ్రుంకిన తరువాత మాత్రము వీథి కావలివానికో, దొంగకో చెందినదైపోవుట చరిత్రలో తరచుగ కనబడును. మూడవవాడైన మామూలు మనిషి తలుపు గడియ వేసికొని లోపల నుండును.

రంజాను మాసములో చార్మినారు చెంత లాడ్‌బజారున రాత్రి చాల ప్రొద్దుపోయిన పిమ్మట గాజులు బేరమాడు స్త్రీలను మన శ్రోతలలో పలువురు చూచియుందురు. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళలో ప్రభల వెలుగున తెల్లవారువరకు తిరిగినవారును ఉందురు. అట్టివారికి రాత్రి అంగడిలోని సంతోషమును వేరుగ వర్ణించి చెప్ప నక్కరలేదు. ఐనను అది పండుగ నాటి సంతోషము. ప్రతి రాత్రియు, పండుగ లేకుండగనే, ఒక మహానగరము దీపములు వెలిగించుకొని మేలుకొని యుండుట వేరు విషయము. ఆ హక్కు చీనా దేశపు నగరములకు ఎట్లు వచ్చెను, ఎట్లు చేజారెను అనునదియే నేడు మనము చెప్పుకొనదలచిన కథ.

ఈ కథకు సాక్షులుగ ముగ్గురు పరదేశులను పిలుతము. ఊరివాడు తన వీథిని దినదినము చూచుటచేత దానిని చూడడు. పరదేశి మాత్రము అడుగడుగునకు నిలిచి చూచును, చూచినది వ్రాసికొనును. మన ముగ్గురిలో ఒకరు జపాను భిక్షువు, ఒకరు వెనిస్ నగరపు వర్తకుని కుమారుడు, ఒకరు మొరాకో దేశపు యాత్రికుడు. ముగ్గురును చూచిన నగరము ఒక్కటే, హాంగ్‌చౌ. సముద్రమున కలియు ఒక నదికిని, అందమైన ఒక సరస్సునకును నడుమ వెలసిన నగరమది. వారు చూచిన రాత్రులు మాత్రము మూడు తీరులు.

సాక్షులను విచారించుటకు ముందు అంతకు పూర్వపు స్థితిని కొంత తెలిసికొనవలయును. ఏడవ శతాబ్దము మొదలు పదవ శతాబ్దారంభము వరకు చీనాను తాంగ్ వంశమువారు పాలించిరి. వారి రాజధాని చాంగాన్. ఆ నగరమును చదరంగపు బల్లవలె గీచి, నూరింటికి మించిన పేటలుగ విభజించి, ప్రతి పేటకును ప్రాకారము కట్టిరి. క్రయవిక్రయములకు తూర్పున ఒకటి, పడమట ఒకటి, రెండే అంగడి పేటలు. పడమటి అంగడిలో పారసీకులు, మధ్యాసియా వర్తకులు దుకాణములు పెట్టుకొని యుండిరి. మధ్యాహ్నమున మూడు వందల దెబ్బల భేరి మ్రోగినపుడు అంగడి తెరచుట, సూర్యాస్తమయమునకు ముందే మూడు వందల కంచు దెబ్బలు మ్రోగినపుడు మూయుట నియమము. చీకటి పడగనే పేటల ద్వారములు మూతపడును. అటుపై రాజవీథిలో కనబడినవానికి ఇరువది బెత్తపు దెబ్బలు శిక్ష. అత్యవసరమైన రాజకార్యము, పెండ్లి, చావు, జబ్బు అను కారణములకు మాత్రము మినహాయింపు కలదు. ఏడాదికి మూడు రాత్రులు, దీపోత్సవ సమయమున, ఈ నిర్బంధమును సడలించెడివారు. ఆ మూడు రాత్రులును జనము వీథులలో ఇసుక వేసిన రాలనట్లుండెడిది.

ఆ నగరమునకు విదేశీయులు వచ్చిరి, వర్తకము చేసిరి, ధనవంతులైరి. ఐనను రాత్రి వారికి లేదు, ఊరివారికిని లేదు. ప్రజల కోరిక యెట్టిదో తెలుపుటకు ఒక చిన్న ఆధారము మిగిలియున్నది. 840 సంవత్సరమున రాజధానిలోని రాత్రి అంగళ్ళను ఆపివేయవలసినదని ప్రభుత్వము ఒక ఉత్తరువు చేసెను. లేనిదానిని నిషేధింపరు గదా! నిషేధమున్నను, దండన యున్నను, ఎక్కడనో గోడల చాటున దీపములు వెలుగుచునే యుండెనని ఆ ఉత్తరువే సాక్ష్యము చెప్పుచున్నది.

తాంగ్ వంశము అంతరించిన తరువాత అర్ధశతాబ్దమునకు పైగ అంతఃకలహములు చెలరేగెను. 960లో సోంగ్ వంశము స్థాపితమయ్యెను. ఆ వంశ స్థాపకుడు సేనానాయకుడుగ ఉండి సింహాసన మెక్కినవాడు. కత్తితో రాజ్యమును పొందినవాడు రాత్రిని చూచి మరింత భయపడవలసినది. ఆయన దానికి విరుద్ధముగ చేసెను. 965లో, రాజధాని కైఫెంగ్ నగరమున రాత్రి అంగళ్ళను మూడవ భేరి మ్రోగువరకు ఎవ్వరును అడ్డగింపరాదని శాసించెను. చీనావారు రాత్రిని అయిదు భాగములుగ లెక్కింతురు. మూడవ భాగము మన లెక్కకు రాత్రి పదకొండు గంటలకు మొదలగును. ఒక్క వాక్యమునకు మించని ఆ ఉత్తరువుతో రాత్రిలో సగభాగము ప్రజలపరమయ్యెను. తలుపు ఒకసారి తెరచిన పిమ్మట మిగిలిన సగమును వారు తామే పుచ్చుకొనిరి. కాలక్రమమున పేటల గోడలు కూలిపోయెను. ఇండ్లకు వీథివైపు తలుపులు, ఆ తలుపులకు దుకాణములు వచ్చెను.

కైఫెంగ్ నగరపు రాత్రులను మెంగ్ యువాన్‌లావ్ అను నాతడు 1147లో ఒక గ్రంథముగ వ్రాసెను. ఆతడు ఆ నగరమున ఇరువది యేండ్లకు పైగ నివసించినవాడు. గ్రంథము వ్రాయునాటికి నగరము శత్రువుల వశమై యుండెను. పోగొట్టుకొన్న ఇంటిని తలచుకొని చెప్పువాని మాటలలో అబద్ధమునకు చోటు తక్కువ, ప్రేమకు చోటు ఎక్కువ. రాజవీథిలోని వంతెన చెంత రాత్రి అంగడిలో నంజుళ్ళు, మాంసపు వంటకములు ఒక్కొక్కటి పదునైదు కాసులకు మించకుండ అమ్ముదురని ఆతడు ధరతో సహా వ్రాసినాడు. అంగళ్ళు మూడవ జామువరకు సాగును, అయిదవ జామునకే మరల తెరచుకొనును. చలికాలమున గాలి వీచినను, మంచు కురిసినను అంగడి ఆగదు. రాత్రి బాగుగ ముదిరిన తరువాత చెంబులు చేతబట్టుకొని తేనీరు అమ్మువారు బయలుదేరుదురు. స్వకార్యములమీద, సర్కారు పనులమీద తిరిగి ఆలస్యముగ ఇండ్లకు చేరువారికి ఆ వేడి తేనీరే ఆధారము. తెల్లవారుజామున దీపపు వెలుగులో బట్టలు, చిత్రపటములు, పూవులు అమ్మి, వెలుగు రాగానే మాయమగు ఒక సంత యుండెడిది. దానిని ఊరివారు దయ్యాల సంత యని పిలిచెడివారు.

ఆ కాలపు మరియొక రచయిత త్సాయ్ థావ్ ఒక చమత్కారమైన విశేషమును వ్రాసి పెట్టెను. లోకమంతయు దోమలతో బాధపడుచుండగ కైఫెంగ్‌లోని మాసింగ్ వీథిలో మాత్రము దోమలు లేవట. రాత్రియంతయు వెలుగు దీపముల నూనె వాసనకు అవి నిలువలేకపోయెనని ఆతని వివరణ. ఎన్ని దీపములు వెలిగెనో లెక్క తెలియకున్నను, ఈ ఒక్క మాట చాలును.

ఇక మన మొదటి సాక్షిని పిలుతము. జోజిన్ అను బౌద్ధ భిక్షువు 1072లో చీనాకు ఓడ యెక్కెను. అప్పటికి ఆయన అరువది యేండ్లు దాటినవాడు. ఎనుబది దాటిన తల్లిని జపానులో విడిచి, ప్రభుత్వపు అనుమతి లేకుండగనే, ఒక చీనా వర్తకుని ఓడలో దాగి పయనించెను. చీనాలోని పవిత్ర పర్వతములను దర్శించి కన్నుమూయవలయునని ఆయన కోరిక. కుమారునికై విలపించుచు ఆ తల్లి చెప్పిన పద్యములు నేటికిని జపాను సాహిత్యములో నిలిచియున్నవి. అట్టి విరాగి హాంగ్‌చౌలో దిగిన కొలది దినములకే ఆ నగరపు అంగడిని చూడబోయెను. ఆ రాత్రి చూచినదంతయు దినచర్యలో వ్రాసికొనెను.

ఒక్కొక్కచోట రెండు మూడు వందల దీపములు. గాజు కుండలను వరుసగ వ్రేలాడగట్టి వానిలో నిప్పు వెలిగించిరి. స్త్రీలు తంత్రీవాద్యములు మీటుచుండిరి. నీటి బలముచేత బొమ్మలు నాట్యమాడెను, డోలు కొట్టెను, నోటినుండి నీరు చిమ్మెను. ఎటు చూచినను వీథులలోను, ఇండ్లలోను చూడవచ్చిన జనమే. వెండి పాత్రలలో తేనీరు ఇచ్చుచుండిరి, మనిషికి ఒక్క కాసు. కొనుట అమ్ముట చెప్పనలవి కాదని ఆ భిక్షువు కలము దించెను.

ఇందులో ముఖ్యమైనది మాకు దీపముల సంఖ్య కాదు, ఆ ఒక్క కాసు. జోజిన్‌కు ఆ ఊరిలో చుట్టములు లేరు. భాష నోట పలుకుట రాదు, వ్రాసి చూపి మాటలాడవలసినవాడు. ఐనను ఎవ్వరి సిఫారసు లేకుండ, ఎవ్వరి యింటి అతిథియు కాకుండ, ఒక్క కాసు చేతబట్టి ఆ నగరపు రాత్రిలో పాలుపంచుకొనెను. ఆయన ప్రక్కన నిలిచి తేనీరు త్రాగిన కూలివానికిని అదే ధర. ఆ రాత్రి వీథిది. వీథిలో నిలిచిన ప్రతివానిది. జోజిన్ మరల స్వదేశము చేరలేదు. శిష్యుల చేత దినచర్యను పంపివేసి, 1081లో చీనాలోనే మరణించెను.

1127లో ఉత్తరమునుండి వచ్చిన జుర్చెను జాతివారు కైఫెంగ్‌ను గెలిచిరి. సోంగ్ ప్రభువులు దక్షిణమునకు తరలి, 1138లో హాంగ్‌చౌను రాజధానిగ స్థిరపరచిరి. కైఫెంగ్ వంటవాండ్రు, ఆటగాండ్రు, కథకులు వారి వెంట వచ్చిరి, వారితో కైఫెంగ్ రాత్రియు వచ్చెను. హాంగ్‌చౌ రాజవీథిలో బేరములు రాత్రింబవళ్ళు ఆగవనియు, మూడవ నాల్గవ జాములకు గాని విహరించు జనము పలుచబడదనియు, అయిదవ జాము గంట మ్రోగగనే ప్రాతఃకాలపు అంగళ్ళవారు తలుపులు తెరతురనియు తరువాతి శతాబ్దాంతమున వూ జుమూ అను నగరవాసి వ్రాసెను.

ఈ వైభవమునకు మూల్యము లేకపోలేదు. కొయ్య యిండ్లు క్రిక్కిరిసిన ఊరిలో అన్ని దీపములు వెలిగిన నిప్పు ఊరకుండునా? 1201లో జరిగిన అగ్నిప్రమాదములో ఏబదివేలకు మించిన కుటుంబముల ఇండ్లు దగ్ధమైనవి. దీపములను ఆర్పివేయుడని ఉత్తరువు చేయుటకు పాలకులకు అంతకంటె మంచి సాకు దొరకదు. వారట్లు చేయలేదు. నగరమంతట ఎత్తయిన బురుజులు కట్టి, సైనికులను కావలి యుంచిరి. మంట కనబడిన దిక్కును పగలు జెండాలతోను, రాత్రి దీపములతోను వారు తెలుపుదురు. ఆర్పువారు పరుగెత్తుదురు. ప్రజలు హాయిగ తిరుగుటకై ఎవరో మేలుకొని యుండవలయును. నగరము ఆ సంగతి గ్రహించి, ఆ కావలి భారమును తానే వహించెను.

1276లో హాంగ్‌చౌ మంగోలుల సేనలకు లొంగిపోయెను. తరువాత కొలది సంవత్సరములకు మన రెండవ సాక్షి అక్కడికి వచ్చెను. ఆతడు మనకు క్రొత్తవాడు కాడు. తెలుగుదేశపు మోటుపల్లి రేవును ముత్‌ఫిలి యను పేరుతో వర్ణించి, ఆ రాజ్యమును వివేకవతియైన ఒక రాణి పాలించెనని చెప్పి, అచటి సన్నని వస్త్రములను సాలెగూటి దారములతో పోల్చిన మార్కోపోలో యే ఆతడు. ఆ రాణి మన రుద్రమదేవి యని పలువురు చరిత్రకారుల అభిప్రాయము.

మార్కోపోలో హాంగ్‌చౌను కిన్సాయ్ అని పిలిచెను. లోకములో అంతటి గొప్ప నగరము లేదనెను. పది పెద్ద అంగళ్ళు, వారమునకు మూడు దినములు ఒక్కొక్కదానికి నలుబది ఏబదివేల జనము, దినమునకు నలుబది మూడు బరువుల మిరియముల ఖర్చు, సరస్సుపై విహారనౌకలు, ఇవన్నియు వర్ణించెను. వంతెనలు పండ్రెండువేలనుట అతిశయోక్తియే. అంతటి వర్ణనలో రాత్రి వచ్చుసరికి మాట మారును. ప్రతి ముఖ్యమైన వంతెనకును పదిమంది కావలివాండ్రు. నీటి గడియారమును చూచి గంట గంటకు వారు భేరి కొట్టుదురు. కొందరు వీథులలో తిరుగుచు, నియమితమైన వేళ దాటిన తరువాత ఏ యింటనైనను దీపముగాని నిప్పుగాని కనబడినచో ఆ తలుపుపై గుర్తు పెట్టుదురు. తెల్లవారగనే ఆ యింటి యజమాని అధికారి ముందు నిలువవలయును. వీథిలో మనిషి కనబడినచో పట్టి బంధింతురు.

ఎక్కడి గాజు కుండల దీపములు, ఎక్కడి తలుపు మీది గుర్తు! సోంగువారి నగరమునకును కావలి యుండెను. ఆ కావలి ప్రజల కొరకు. ఇప్పటి కావలి ప్రజల మీద. జయించినవాడు అల్పసంఖ్యాకుడు, జయింపబడినవారు లెక్కకు మిక్కిలి. చీకటిలో నలుగురు గుమిగూడినచో ఏమి మాటలాడుకొందురో యను శంక పాలకుని నిద్రపోనీయదు. ఈ కారణమును మార్కోపోలో గ్రంథమే మనకు చెప్పుచున్నది. రాముజియో అను ఇటలీ పండితుడు 1559లో ప్రకటించిన ప్రతిలో, ఆ నగరవాసులు ఖానుని సైనికులను కంట చూడ సహింపరనియు, తమ రాజులను తమకు కాకుండ చేసినది వీరే యని తలతురనియు ఉన్నది. ఆ ప్రజలే, వర్తకమునకై వచ్చిన పరదేశులను ఆదరించి, సలహాయిచ్చి, సాయపడుదురని కూడ అక్కడనే ఉన్నది. జనములో మర్యాద తరుగలేదు. పరదేశి యన్న వారికి ద్వేషము లేదు. తరిగినది పాలకునకు వారిపై గల నమ్మకము. అది తరుగగనే రాత్రియు తరిగిపోయెను.

మూడవ సాక్షి ఇబ్న్ బతూతా. 1340 తరువాతి దశకమున తాను ఈ నగరమునకు వచ్చితినని ఆతడు చెప్పెను. ఆతని చీనా ప్రయాణమును శంకించు పండితులు కొందరు కలరు. వర్ణన మాత్రము వినదగినది. భూమిపై తాను చూచిన నగరములలో ఇదియే పెద్దదనెను. నగరాధికారియైన అమీరు ఆతనికి విందు చేసెను. అమీరు కుమారుడు కాలువలో విహారమునకు గొనిపోయెను. ఒక పడవలో గాయకులు చీనా, అరబ్బీ, పారసీ భాషలలో పాడిరి. రంగురంగుల తెరచాపలతో, పట్టు గొడుగులతో పడవలు క్రిక్కిరిసెను. ఒక పడవవారిపై ఒకరు నారింజలు, నిమ్మపండ్లు విసరుకొని ఆడుకొనిరి. సాయంకాలము అందరును అమీరు మందిరమునకు తిరిగి వచ్చిరి.

ఆ రాత్రి అమీరు ముంగిట ఒక గారడీవాడు కొయ్యబంతిని ఆకాశమున కెగురవేసెను. దాని తోలుపట్టెను పట్టుకొని ఒక బాలుడు పైకెక్కి మాయమయ్యెను. గారడీవాడు కత్తితో వెంట నెక్కి, వాని అవయవములను ఒక్కొక్కటిగ క్రింద పడవేసి, తాను దిగి, వానిని కూర్చి, కాలితో తన్నగా బాలుడు లేచి నిలిచెను. యాత్రికునకు గుండెదడ పుట్టి ఔషధము ఈయవలసి వచ్చెను. ప్రక్కనున్న న్యాయాధికారి, ఎక్కుటయు లేదు, దిగుటయు లేదు, అంతయు కనుకట్టు అని ఊరడించెను.

గొప్ప వేడుకయే, సందేహము లేదు. ఐనను జోజిన్ రాత్రితో దీనిని పోల్చి చూడుడు. భిక్షువు చూచిన బొమ్మలాటను ఊరంతయు చూచెను. ఈ గారడీని అమీరు అతిథులు చూచిరి. అక్కడ ప్రవేశమునకు ఒక్క కాసు చాలెను. ఇక్కడ అమీరు స్నేహము కావలసి వచ్చెను. రాత్రి నశించలేదు. వీథిని విడిచి, గొప్పవారి ప్రాకారములోనికి నడిచి వెళ్ళిపోయెను.

ఒకే నగరము, మూడు రాత్రులు. పరదేశి సుఖముగ తిరిగిన రాత్రి, పరదేశి సుఖమునకై ఏర్పరచినది కాదు. ఊరివారు తమ కొరకు పోరాడి, ధర చెల్లించి, నిలుపుకొన్న రాత్రి అది. వారు నిర్భయముగ తిరిగినపుడే పరదేశియు తిరుగగలిగెను. వారి తలుపులపై గుర్తులు పడినపుడు, ఎంతటి యాత్రికునకును గడపదాటిన రాత్రి దొరకలేదు.

ఈ మర్మము మన పెద్దలకు తెలియనిది కాదు. రుద్రమదేవి తండ్రి గణపతిదేవ చక్రవర్తి 1244 ప్రాంతమున మోటుపల్లిలో వేయించిన శాసనమును మనము అభయ శాసనమని పిలుచుచున్నాము. పూర్వపు రాజులు గాలివానకు పగిలి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకును దోచుకొనెడివారు. గణపతిదేవుడు ఆ యాచారమును మాన్పించి, నిర్ణయించిన సుంకము మాత్రమే పుచ్చుకొందునని దేశదేశముల వర్తకులకు మాట యిచ్చెను. సముద్రములో చిక్కినవాడును, చీకటిలో చిక్కినవాడును ఒక్కటియే. ఇద్దరికిని కావలసినది అభయము. సంత యెక్కడ వెలసినను దాని పునాది ఈ ఒక్క మాటయే.

హాంగ్‌చౌలో నేడు మరల రాత్రి అంగళ్ళు జరుగుచున్నవి. మన ఊళ్ళలోను దీపములకు కొదువ లేదు. కావున ఈసారి ఏ పరదేశపు నగరమునందో, ఏ పొరుగూరి సంతలోనో రాత్రివేళ మనము వినోదముగ తిరుగునపుడు, దీపములు ఎన్ని యని లెక్కింపక మరియొకటి గమనింతము. ఆ ఊరి స్త్రీలు పిల్లలతో నిశ్చింతగ నడచుచున్నారా? ఒక్క కాసు గలవానికి అక్కడ నిలుచు చోటున్నదా? తేనీరు అమ్ము ముసలివాడు కావలివానిని చూచి జంకుచున్నాడా, పలకరించుచున్నాడా? ఈ ప్రశ్నలకు దొరకు సమాధానమే ఆ నగరపు అసలు వెలుగు.